పిడుదు దేహంలో పొత్తులు, పోటీలు

పశువుల చెవుల్లోనూ గంగడోలు మడతల్లోనూ పొదుగు చుట్టూనూ కరుచుకుని, నెత్తురు తాగి ఉబ్బి వేలాడే పిడుదు రైతులందరికీ తెలిసిన జీవే; కొన్ని ప్రాంతాల్లో దాన్ని గోమారి అని కూడా అంటారు. చూపుకు పురుగులా కనిపించినా శాస్త్రీయ వర్గీకరణలో పిడుదు కీటకం కాదు, సాలీడూ తేలూ చేరిన ఎనిమిది కాళ్ల జీవుల తరగతికి చెందినది. ప్రపంచంలో గుర్తించిన సుమారు 900 జాతుల పిడుదులన్నీ వెన్నెముక గల జంతువుల నెత్తురు మీదనే బతుకుతాయి. మనుషులకు రోగాలు మోసుకువచ్చే జీవుల్లో మొదటి స్థానం దోమదే అయినా, మోసే రోగకారకాల వైవిధ్యంలో మాత్రం పిడుదుదే పైచేయి; బ్యాక్టీరియా, వైరస్‌లు, ఒకే కణంతో బతికే పరాన్నజీవులు, ఈ మూడు తెగలకూ అది ఆశ్రయమిస్తుంది.

ఈ తెగలకు చెందిన జీవులు ఒక్కొక్క పిడుదులో ఒక్కొక్కటి చొప్పున విడివిడిగా ఉంటాయని శాస్త్రం చాలాకాలం నమ్మింది. ఒక పిడుదు, ఒక రోగకారకం, ఒక జబ్బు అన్న లెక్క పరిశోధనకు అనువుగా ఉండడంతో ప్రయోగశాలలూ ఆ లెక్క ప్రకారమే నడిచాయి. గత కొన్ని దశాబ్దాల పరిశోధన ఆ చిత్రాన్ని మార్చివేసింది. ఒకే పిడుదులో పలు సూక్ష్మజీవులు కలిసి కాపురముండడం సాధారణమనీ, వాటిలో కొన్ని ఇతరులను లోపలికి రానివ్వవనీ, కొన్ని తెలియకుండానే ఇతరులకు దారి చేస్తాయనీ, ఒక ప్రాంతంలో ఏ జబ్బు ప్రబలుతుందో ఏది అణిగి ఉంటుందో నిర్ణయించడంలో ఈ లోపలి సంబంధాలకు పెద్ద పాత్ర ఉందనీ ఇప్పుడు తెలుస్తున్నది.

తొలి పరిశోధనలోనే కనిపించిన రెండో జీవి

పిడుదుల ద్వారా జబ్బు వ్యాపిస్తుందన్న నిరూపణ 1893 నాటిది. అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి ఉత్తరానికి తోలుకువచ్చిన మందలు తాము ఆరోగ్యంగానే కనిపించేవి గాని, అవి మేసి వెళ్లిన బయళ్లలో తర్వాత మేసిన ఉత్తరాది పశువులు మాత్రం జ్వరపడి చనిపోయేవి. టెక్సస్ జ్వరమని పేరుపడిన ఈ జబ్బుకు వాహకం పిడుదేననీ, ఎర్ర రక్తకణాల లోపల జంటలుగా, ఒక కొన సన్నగా మరొక కొన లావుగా కనిపించే బెబీసియా అనే పరాన్నజీవి దానికి కారణమనీ అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడ్ కిల్‌బోర్న్ ఆ ఏడాది వెలువరించిన నివేదికలో రుజువు చేశారు. రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ దేహంలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నది 1897లో. పిడుదు గుట్టు అంతకు నాలుగేళ్లు ముందే బయటపడింది.

అదే నివేదికలో మరొక పరిశీలన కూడా ఉంది. జబ్బుపడిన పశువుల ఎర్ర రక్తకణాల అంచున చుక్కల వంటి చిన్న గుండ్రని రూపాలు కనిపించగా, అవి బెబీసియా జీవితచక్రంలోనే ఒక దశ అయివుంటాయని ఆ ఇద్దరూ భావించారు. దక్షిణాఫ్రికాలో పనిచేస్తున్న ఆర్నాల్డ్ థీలర్ 1910లో ఆ చుక్కలు పూర్తిగా వేరొక జీవి అనీ, బెబీసియా తోడు లేకుండానే పశువుల్లో తీవ్రమైన రక్తహీనతను కలిగించగలదనీ చూపి, దానికి అనాప్లాస్మా మార్జినేల్ అని పేరు పెట్టారు. సూక్ష్మదర్శిని కింద పక్కపక్కనే కనిపించిన రెండు జీవులను 17 ఏళ్లపాటు ఒక్కటిగా లెక్కించడానికి కారణం వారి కంటిచూపులోని లోపం కాదు. ప్రతి రోగానికీ ఒకే కారకం ఉంటుందన్న సూత్రం ఆనాటి సూక్ష్మజీవశాస్త్రానికి పునాది కావడంతో, రెండో జీవి కంటబడినా దాన్ని మొదటి దాని ఖాతాలోనే వేయడం సహజమనిపించింది. పిడుదుల విషయంలో జమిలి సంక్రమణ, అంటే ఒకే దేహంలో రెండు లేదా అంతకుమించి రోగకారకాలు చేరడం, ఆ శాస్త్రం పుట్టిన నాటి నుంచీ కళ్లెదుటే ఉన్నదన్నమాట.

ఒకే దేహంలోకి ఇన్ని జీవులు చేరే దారులు

ఐరోపా, అమెరికా అడవుల్లో మనుషులను ఎక్కువగా పట్టుకునే ఇక్సోడిస్ ప్రజాతి పిడుదు జీవితాన్ని పరిశీలిస్తే ఈ కలయిక ఎలా సాధ్యమో బోధపడుతుంది. గుడ్డు నుంచి ఆరు కాళ్ల డింభకం వెలువడుతుంది. అది ఒకసారి నెత్తురు తాగి కుబుసం విడిచి ఎనిమిది కాళ్ల శాబకమవుతుంది. శాబకం మళ్లీ ఒకసారి తాగి ప్రౌఢ జీవిగా మారుతుంది. ప్రౌఢ దశలో ఆడ పిడుదు చివరిసారి తాగి వేల సంఖ్యలో గుడ్లు పెట్టి చనిపోతుంది. రెండేళ్లకు పైగా సాగే ఈ జీవితమంతటిలో భోజనాలు మూడే గాని, ప్రతి భోజనమూ కొన్ని రోజులు సాగుతుంది, ప్రతిసారీ ఆతిథేయి, అంటే ఆశ్రయమిచ్చే జంతువు, మారుతుంది. డింభకానికి ఎలుకో పక్షో దొరికితే, ప్రౌఢ దశలో జింక దొరకవచ్చు. దారిన పోయే మనిషి ఈ వరుసలో ఎక్కడైనా తగలవచ్చు.

ఒక భోజనంలో ఒక రోగకారకాన్ని, తర్వాతి భోజనంలో మరొకదాన్ని తెచ్చుకోవడం మొదటి దారి. ఒకే జంతువు నెత్తురులో రెండు మూడు రోగకారకాలు ఉంటే అవన్నీ ఒకే భోజనంతో చేరడం రెండోది. ఈశాన్య అమెరికాలోని తెల్లకాళ్ల ఎలుక ఇందుకు మంచి ఉదాహరణ. లైమ్ వ్యాధిని కలిగించే బొరేలియా బర్గ్‌డోర్ఫెరి అనే మెలికల బ్యాక్టీరియా, తెల్ల రక్తకణాల్లో కాపురముండే అనాప్లాస్మా ఫాగోసైటోఫిలం, ఎర్ర రక్తకణాల్లో పెరిగే బెబీసియా మైక్రోటి, ఈ మూడూ ఆ ఎలుకలో ఉండగలవు. తల్లి అండాశయం నుంచి గుడ్డులోకి ప్రవేశించి పిల్లలకు సంక్రమించడం మూడో దారి. రికెట్సియా తెగ బ్యాక్టీరియా ఈ దారిలో నడవగలదు గాని, లైమ్ బ్యాక్టీరియాకు అది దాదాపు మూసుకుపోయిన దారే.

ఫ్రాన్స్‌లోని ఆర్డెన్ ప్రాంతంలో సేకరించిన ఆడ పిడుదులను ఒకేసారి అనేక రోగకారకాల కోసం పరీక్షించిన ఒక పరిశోధన 2016లో వెలువడింది. అందులో సంక్రమణ ఉన్న పిడుదుల్లో దాదాపు సగం వాటిలో ఒకటి కంటే ఎక్కువ రోగకారకాలు కనిపించాయి. కొన్నిటిలో ఆ సంఖ్య 5 వరకు చేరింది. రోగం కలిగించని సహజీవులను కూడా లెక్కలోకి తీసుకుంటే ఈ జనసమ్మర్దం మరింత పెరుగుతుంది. ఐరోపా పిడుదు అండాశయ కణాల్లోని మైటోకాండ్రియాల లోపలే నివసించే మిడిక్లోరియా అనే బ్యాక్టీరియా వాటిలో ఒకటి. నెత్తురులో చాలినంతగా దొరకని బి విటమిన్లను తయారుచేసి పిడుదుకు అందించే కాక్సియెల్లా, ఫ్రాన్సిసెల్లా తెగల సహజీవులు మరికొన్ని. అవి లేకపోతే కొన్ని జాతుల పిడుదులు సరిగా ఎదగనే లేవు. కొత్తగా వచ్చే ఏ రోగకారకమైనా ముందుగా ఈ పాతకాపులను ఎదుర్కోవలసిందే.

అండాశయం వాకిట పోటీ

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో బిట్టర్‌రూట్ లోయ ఒక చిత్రమైన ప్రశ్నను శాస్త్రవేత్తల ముందుంచింది. ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో ఆ లోయలో నదికి పడమటి వైపున రాకీ పర్వతాల మచ్చల జ్వరం మనుషులను బలిగొనేది. అది పిడుదు ద్వారా వస్తుందని హోవార్డ్ రికెట్స్ 1906లో నిరూపించారు. నదికి తూర్పు వైపునా అదే జాతి పిడుదులు సమృద్ధిగా ఉన్నాయి, అవి మనుషులను కరుస్తూనే ఉన్నాయి, అయినా అటువైపు ఆ జ్వరం దాదాపు లేదు. వాతావరణంలోనో, జంతువుల్లోనో, మనుషుల అలవాట్లలోనో ఈ తేడాకు సరిపడే కారణం చాలాకాలం దొరకలేదు.

1981లో విల్లీ బర్గ్‌డోర్ఫర్, ఆయన సహచరులు జవాబును పిడుదు అండాశయంలో కనుగొన్నారు. తూర్పు వైపు పిడుదుల్లో అత్యధికం మచ్చల జ్వరాన్ని కలిగించే రికెట్సియాతో కాక, వేరొక రికెట్సియాతో నిండి ఉన్నాయి. తర్వాతి కాలంలో రికెట్సియా పీకాకై అని పేరు పొందిన ఆ బ్యాక్టీరియా మనుషులకు హాని చేయదు, తల్లి నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి పిల్లకు తరతరాలుగా సంక్రమిస్తుంది. అది స్థిరపడిన పిడుదులోకి మచ్చల జ్వరపు బ్యాక్టీరియా నెత్తురుతో ప్రవేశించి ఇతర అవయవాలకు చేరినా, అండాశయంలో మాత్రం చోటు దొరకక తర్వాతి తరానికి వెళ్లలేకపోతుంది. మచ్చల జ్వరపు బ్యాక్టీరియా పిడుదును కూడా బలహీనపరచి తరచు చంపుతుంది కాబట్టి, కొత్త జంతువుల నుంచి అది పొందే అవకాశం పరిమితమే. తల్లి నుంచి పిల్లకు చేరే దారి కూడా మూతపడితే ఆ ప్రాంతంలో దాని మనుగడే దెబ్బతింటుంది. తూర్పు ఒడ్డున మనుషులను కాపాడింది మందో టీకానో కాదు, పిడుదు అండాశయాన్ని ముందుగా ఆక్రమించిన ఒక నిరపాయకరమైన బంధువు.

ఈ పీకాకై బ్యాక్టీరియా ఒకప్పుడు రోగకారకాల వంశంలోనిదే. ఆతిథేయి కణంలోని ఆక్టిన్ అనే ప్రొటీన్ పోగులను తోకలా అల్లుకుని ఒక కణం నుంచి మరొక కణానికి దూసుకుపోయే నేర్పు దాని దగ్గరి బంధువులకు ఉంది. ఆ నేర్పుకు తోడ్పడే జన్యువు దీనిలో తెగిపోయి ఉండడం వల్ల అది పిడుదులోనే ఒదిగి బతకడం నేర్చింది. ఇదే సూత్రం ఇతర జాతుల్లోనూ పనిచేస్తుందని 2002లో మరొక ప్రయోగం చూపింది: అమెరికా కుక్కపిడుదులో ఒక రికెట్సియా అండాశయాన్ని ముందుగా ఆక్రమించుకుంటే, దాని దగ్గరి బంధువైన మరొక రికెట్సియా గుడ్ల ద్వారా తర్వాతి తరానికి చేరలేకపోయింది. దగ్గరి బంధువులకు కావలసిన చోటూ ఆహారమూ ఒకటే కావడం వల్ల వారి మధ్య పోటీ తీవ్రంగా ఉండడం జీవశాస్త్రంలో సహజం.

జీర్ణనాళపు గోడ దగ్గర

దూరపు బంధువుల మధ్య సంబంధాలు ఇంత సూటిగా ఉండవు. అవి జీర్ణనాళంలో బాగా బయటపడతాయి. పిడుదు నెత్తురు తాగినప్పుడు దాని జీర్ణనాళపు లోపలి గోడ మీద కైటిన్ అనే గట్టి పదార్థమూ కొన్ని ప్రొటీన్లూ కలిసిన ఒక పలుచని పొర ఏర్పడుతుంది. పెరిట్రోఫిక్ పొర అనే దాని పని లోపలికి వచ్చిన నెత్తురు ముద్దనూ గోడ కణాలనూ వేరుచేయడం. నెత్తురుతో పిడుదు దేహంలోకి వచ్చే పలు రోగకారకాల తలరాత ఈ పొర దగ్గరే తేలుతుంది.

లైమ్ బ్యాక్టీరియా ఈ పొరను ఆసరాగా వాడుకుంటుంది. తన ఉపరితలం మీది ఓస్ప్-ఏ అనే ప్రొటీన్‌తో అది జీర్ణనాళపు గోడలోని ట్రోస్పా అనే గ్రాహకాన్ని పట్టుకుని, తర్వాతి భోజనం దాకా నెలల తరబడి అక్కడే ఉండిపోతుంది. ఈ పట్టు 2004లో వెల్లడైంది. యేల్ విశ్వవిద్యాలయంలో సుకన్య నరసింహన్, ఎరోల్ ఫిక్రిగ్, వారి సహచరులు 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో డింభకాల జీర్ణనాళంలోని సహజ బ్యాక్టీరియా సమూహాన్ని చెదరగొట్టినప్పుడు పెరిట్రోఫిక్ పొర పలుచబడింది. ఆ పలుచబడ్డ పొర చాటున లైమ్ బ్యాక్టీరియాకు తగినంత రక్షణ దొరకక దాని సంఖ్య తగ్గిపోయింది. రోగంతో సంబంధం లేని మామూలు బ్యాక్టీరియా సమూహమే లైమ్ బ్యాక్టీరియాకు పరోక్షంగా నీడనిస్తున్నదని దీనివల్ల తేలింది.

అనాప్లాస్మా అవసరం ఇందుకు భిన్నమైనది. అది జీర్ణనాళంలో ఆగిపోకుండా గోడను దాటి లాలాజల గ్రంథులకు చేరాలి కాబట్టి మందమైన పొర దానికి అడ్డంకి. ఈ బ్యాక్టీరియా ప్రవేశించిన పిడుదు, చలికి దేహం గడ్డకట్టకుండా కాపాడే ఒక గ్లైకోప్రొటీన్‌ను ఎక్కువగా ఉత్పత్తి చేస్తుందనీ, దానివల్ల ఆ పిడుదులు శీతకాలపు చలిని మిగతావాటి కంటే బాగా తట్టుకుంటాయనీ 2010లో వెల్లడైంది. రోగకారకం తన వాహనానికి మేలు చేసి తాను బతుకుతున్నదన్న ఈ సంగతే ఆసక్తికరం కాగా, అదే గ్లైకోప్రొటీన్‌కు రెండో ముఖం ఉందని 2017లో మరొక పరిశోధన చూపింది. అది కొన్ని బ్యాక్టీరియా జిగురు పొరలుగా కూడుకోకుండా అడ్డుపడి, జీర్ణనాళపు సూక్ష్మజీవుల కూర్పును మార్చి, పెరిట్రోఫిక్ పొర బిగువును సడలిస్తుంది. సడలిన పొర గుండా అనాప్లాస్మా సులువుగా దాటిపోతుంది. ఒకే పొర బిగుస్తే ఒకదానికి లాభం, సడలితే మరొకదానికి లాభం అన్నమాట.

ఈ ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూసినవారికి అనాప్లాస్మా ఉన్న పిడుదులో లైమ్ బ్యాక్టీరియా నిలవలేదన్న నిర్ణయం సులభంగా తోస్తుంది గాని, ప్రకృతి అంత సులభంగా లొంగదు. మైకేల్ లెవిన్, డర్లాండ్ ఫిష్ 2000లో ప్రకటించిన ప్రయోగంలో ఒక బ్యాక్టీరియా అప్పటికే ఉన్న పిడుదు రెండోదాన్ని ఏ ఆటంకమూ లేకుండా గ్రహించింది, రెండింటినీ కలిగిన పిడుదు ఒక్కొక్కదాన్నీ విడిగా మోసే పిడుదంత సమర్థంగానే ఆరోగ్యవంతమైన జంతువులకు అంటించింది. సూక్ష్మ స్థాయిలో కనిపించే ఒక ప్రభావం పూర్తి జీవితచక్రంలో బలంగా తేలుతుందా, ఇతర ప్రభావాల మధ్య కరిగిపోతుందా అన్నది ఏ జంటకు ఆ జంటగా పరీక్షించి తెలుసుకోవలసిన విషయం.

పిడుదు స్వంత రక్షణ వ్యవస్థ ఈ సంబంధాలకు మరొక అంచును చేరుస్తుంది. పిడుదులు, తమ పూర్వీకులు కోట్ల ఏళ్ల కిందట ఒక బ్యాక్టీరియా నుంచి సంపాదించుకున్న జన్యువు ఆధారంగా, బ్యాక్టీరియా కణకవచాన్ని కోసివేసే డే-2 అనే ఎంజైమును తయారుచేస్తాయి. ఆ ఎంజైమును నిలిపివేసిన పిడుదుల్లో లైమ్ బ్యాక్టీరియా పెరిగిందని 2015లోనూ, ఆతిథేయి చర్మం మీద సహజంగా ఉండే స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియాను నోటి దగ్గరే చంపి పిడుదును కాపాడడం దాని ముఖ్యమైన పని అని 2020లోనూ వెల్లడైంది. మనిషికి మామూలైన చర్మవాసి పిడుదుకు ప్రాణాంతకం కాగా, మనిషికి రోగం తెచ్చే బొరేలియాను పిడుదు ఇబ్బంది లేకుండా మోస్తుంది. దీనికి తోడు, జబ్బుపడిన జంతువు నెత్తురులోని ఇంటర్‌ఫెరాన్-గామా అనే హెచ్చరిక ప్రొటీన్ పిడుదు లోపలికి వెళ్లి దాని రక్షణ వ్యవస్థను కూడా మేల్కొల్పుతుందని 2016లో తేలింది. జంతువుకు సోకిన జబ్బు తాలూకు కబురు నెత్తురుతో పాటు పిడుదుకూ అందుతుంటే, ఒక రోగకారకం రాక మరొకదాని భవిష్యత్తును మార్చే అవకాశం ఇంకా విస్తరిస్తుంది.

లాలాజలం, చర్మం, ఆతిథేయి నెత్తురు

పిడుదు కరవడం దోమ కుట్టినట్టు క్షణంలో ముగిసే పని కాదు. చర్మాన్ని కోసి, వెనక్కి తిరిగిన ముళ్లు గల మూతిభాగాన్ని లోపలికి దింపి, చుట్టూ సిమెంటు వంటి పదార్థంతో గట్టిగా అతుక్కుని, రోజుల తరబడి అది లాలాజలాన్ని లోపలికి చిమ్ముతూ నెత్తురును పైకి లాగుతూ ఉంటుంది. నొప్పి తెలియకుండా, నెత్తురు గడ్డకట్టకుండా, ఆతిథేయి రోగనిరోధక కణాలు చుట్టుముట్టకుండా ఆ లాలాజలంలోని వందలాది ప్రొటీన్లు చూసుకుంటాయి. ఇది పిడుదు తన భోజనం కోసం చేసుకునే ఏర్పాటే అయినా, ఆ నిరోధం సడలిన చర్మం దాని వెంట వచ్చే రోగకారకాలన్నిటికీ ఉమ్మడి ప్రవేశద్వారమవుతుంది. లైమ్ బ్యాక్టీరియా అయితే సాల్ప్-15 అనే లాలాజల ప్రొటీన్‌ను తన ఒంటికి పూసుకుని ప్రతిరక్షకాల నుంచి తప్పించుకుంటుందని 2005లో కనుగొన్నారు.

ఒకే చోట పక్కపక్కనే కరిచిన పిడుదుల మధ్య రోగకారకాలు చర్మం గుండానే బదిలీ కావచ్చన్నది 1987లో థోగోటో అనే వైరస్‌తో గినీపందుల మీద చేసిన ప్రయోగంలో తేలింది. ఆ జంతువుల నెత్తురులో వైరస్ కనిపించేంతగా లేకపోయినా, సంక్రమణ ఉన్న పిడుదు నుంచి పక్కనున్న సంక్రమణ లేని పిడుదుకు వైరస్ చేరింది. ఐరోపాలో పిడుదులు వ్యాపింపజేసే మెదడువాపు వైరస్ విషయంలోనూ ఈ సహభోజన మార్గం ముఖ్యమైనదిగా రుజువైంది. జంతువు ఇక్కడ జబ్బుపడదు, పిడుదుల మధ్య వంతెన మాత్రమే అవుతుంది. వేర్వేరు రోగకారకాలను మోసే పిడుదులు ఒకే చెవి మీద గుమికూడినప్పుడు వాటిలో కలయికలు పెరగడానికి ఇది కూడా ఒక కారణం.

ఆతిథేయి నెత్తురులో మాత్రం పోటీ, సహకారం రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. పిడుదులో ఒకదానితో ఒకటి నిమిత్తం లేకుండా నడిచిన లైమ్ బ్యాక్టీరియా, అనాప్లాస్మాల్లో ముందు వచ్చినది తెల్లకాళ్ల ఎలుకలో మాత్రం వెనుక వచ్చినదాన్ని అణచివేసిందని 2001లో లెవిన్, ఫిష్ చూపారు. అదే ఏడాది మరొక బృందం ప్రయోగశాల ఎలుకల్లో ఈ జంట కలిసినప్పుడు లైమ్ బ్యాక్టీరియా పెరిగి కీళ్లవాపు తీవ్రమైందని నివేదించింది. ఆతిథేయి మారితే ఫలితమూ తారుమారు కావడానికి ఇది మంచి ఉదాహరణ. బెబీసియా మైక్రోటి విషయంలో పొత్తు తీరు మరింత స్పష్టం. అది ఒంటరిగా ఒక ప్రాంతంలో నిలదొక్కుకోవడం కష్టమనీ, ఎలుకలో లైమ్ బ్యాక్టీరియా కూడా ఉన్నప్పుడు పిడుదులకు మరింత సమర్థంగా అంటుతుందనీ 2014లో వెలువడిన పరిశోధన చూపింది. ఈశాన్య అమెరికాలో లైమ్ వ్యాధి పాతుకున్న ప్రాంతాలకు కొన్నేళ్ల తేడాతో బెబీసియా కూడా వచ్చి చేరడానికి ఒక వివరణ ఇందులో దొరుకుతుంది.

రోగి దగ్గర తేలే చిక్కు

ఇంతటి లోపలి వ్యవహారమూ చివరికి వైద్యుడి ముందు ఒక జ్వరంగా వచ్చి నిలుస్తుంది. దక్షిణ న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు రోగులను పరిశీలించి 1996లో ప్రకటించిన అధ్యయనంలో లైమ్ వ్యాధి ఒక్కటే ఉన్నవారి కంటే దానితోపాటు బెబీసియా కూడా సోకినవారిలో లక్షణాలు ఎక్కువగా, ఎక్కువ కాలం కనిపించాయి. చికిత్సలో తేడా అంతకంటే ముఖ్యమైనది. లైమ్ వ్యాధికీ అనాప్లాస్మాకూ డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది. బెబీసియా మీద అది పనిచేయదు, దానికి అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ కలిపి ఇవ్వాలి. అదే పిడుదు అంటించగల పొవాసన్ వైరస్‌కు నిర్దిష్టమైన మందే లేదు. ఒంటి మీద గుండ్రని ఎర్ర మచ్చ చూసి లైమ్ వ్యాధిగా నిర్ధారించి మందు మొదలుపెట్టాక కూడా జ్వరం దిగకపోతే, రక్తపు పూతను సూక్ష్మదర్శినితో పరిశీలించి రెండో జీవి కోసం వెతకడం అందువల్లనే అవసరమవుతుంది.

పిడుదును తీసివేయడానికి ఉన్న వ్యవధి కూడా అన్నిటికీ ఒకటి కాదు. లైమ్ బ్యాక్టీరియా పిడుదు జీర్ణనాళం నుంచి లాలాజలానికి ప్రయాణించడానికి సాధారణంగా ఒకటిన్నర రోజు పైగా పడుతుంది కాబట్టి ఆ లోపు పిడుదును పీకివేస్తే ముప్పు చాలావరకు తప్పుతుంది. పొవాసన్ వైరస్ ముందే లాలాజల గ్రంథుల్లో ఉండడం వల్ల ఎలుకల మీద చేసిన ప్రయోగంలో 15 నిమిషాల్లోనే అంటింది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వంటి లైమ్ వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. ఇంటి వెనుక గడ్డిలోనూ అడవి బాటల్లోనూ తిరిగి వచ్చినవారు ఒళ్లు వెతుక్కోవడాన్ని మరునాటికి వాయిదా వేయకూడదనడానికి ఈ తేడా చాలు.

తెలుగు నేల మీది పశువులూ కుక్కలూ

భారతదేశంలో పిడుదుల వల్ల మనుషులకు వచ్చే జబ్బుల్లో 1957లో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో బయటపడి పశ్చిమ కనుమల వెంట విస్తరించిన కోతిజ్వరం, 2011లో గుజరాత్‌లో నిర్ధారణ అయిన క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరం ముఖ్యమైనవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పిడుదుల భారాన్ని ప్రధానంగా మోసేవి పశువులే. థైలేరియా అనే మరొక పరాన్నజీవి, బెబీసియా, అనాప్లాస్మా, ఈ మూడూ పాడి పశువులను పట్టి పీడిస్తాయి. మూడింటిలోనూ జ్వరం, నీరసం, రక్తహీనత ఉమ్మడి లక్షణాలు. మందులు మాత్రం వేర్వేరు: థైలేరియాకు బుపార్వాక్వోన్, బెబీసియాకు డైమినజీన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్. ఒక్కదానికే సూది వేసి ఆవు కోలుకోలేదని రైతు దిగులుపడే సందర్భంలో మందు పనిచేయలేదని కాక, రెండో జీవి మిగిలిపోయిందేమోనని అనుమానించడం సమంజసం. ఒంగోలు వంటి దేశవాళీ జాతుల కంటే జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరజాతి ఆవులు థైలేరియాకు ఎక్కువగా లొంగిపోతాయి కాబట్టి పాడి విస్తరించేకొద్దీ ఈ జాగ్రత్త విలువ పెరుగుతుంది. థైలేరియాకు బలహీనపరచిన సజీవ పరాన్నజీవితో తయారైన రక్షావ్యాక్-టి అనే టీకా హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ నుంచి వెలువడుతున్నది. అది మిగతా రెండింటి నుంచి రక్షణ ఇవ్వదు.

ఇళ్లలో పెంచే కుక్కల్లోనూ ఇదే కథ. గోధుమరంగు కుక్కపిడుదు ఒక్కటే తెల్ల రక్తకణాలను పట్టే ఎర్లీకియాను, ఎర్ర రక్తకణాలను చీల్చే బెబీసియాను కూడా మోయగలదు. అందరూ టిక్ ఫీవర్ అని ఒకే పేరుతో పిలిచే జ్వరం వెనుక ఒకే కారణం ఉండనక్కరలేదు.

కలయిక ప్రతిసారీ కీడే చేస్తుందని కూడా భావించకూడదు. పశ్చిమ కెన్యాలో 548 దూడలను పుట్టింది మొదలు ఏడాదిపాటు గమనించి 2015లో ప్రకటించిన పరిశోధనలో, దూడలను చంపే థైలేరియా పార్వాతో పాటు అంతగా హాని చేయని ఇతర థైలేరియా జాతులు కూడా సోకిన దూడల్లో మరణాల ముప్పు 89 శాతం తగ్గినట్టు తేలింది. బిట్టర్‌రూట్ లోయలో పిడుదు దేహంలో జరిగిన రక్షణ ఇక్కడ దూడ దేహంలో జరిగింది. రెండుచోట్లా ప్రమాదకారిని అడ్డుకున్నది దాని దగ్గరి బంధువే.

నిఘా, నివారణ మారవలసిన తీరు

ఈ జ్ఞానం నుంచి తేలే మొదటి కర్తవ్యం రోగనిర్ధారణలో మార్పు. పిడుదు కాటుకు సంబంధించిన ప్రతి జ్వరంలోనూ, మనిషిదైనా పశువుదైనా, ఒక కారకం దొరకగానే వెతుకులాట ఆపకుండా దానితోపాటు ఇంకేమి ఉన్నదో అడగడం వైద్యంలో అలవాటుగా మారాలి. ఒకే నమూనాలో పలు జీవుల జన్యు జాడలను గుర్తించే పరీక్షలు ఇప్పుడు ఉన్నందున ఇది ఆచరణసాధ్యమే. రెండో కర్తవ్యం నిఘాకు సంబంధించినది. ఏదైనా ఒక రోగకారకాన్ని ఒక ప్రాంతం నుంచి తొలగించే ప్రయత్నం జరిగినప్పుడు అది ఖాళీ చేసిన చోటులోకి ఎవరు వస్తున్నారో చూడకపోతే, నిరపాయకరమైన కాపరిని సాగనంపి ప్రమాదకారికి చోటివ్వడం కూడా సాధ్యమే.

నివారణ పద్ధతుల్లో అత్యంత ఆశాజనకమైనవి రోగకారకాన్ని కాక పిడుదునే లక్ష్యంగా పెట్టుకున్నవి కావడం యాదృచ్ఛికం కాదు. పశువుల పిడుదు జీర్ణనాళంలోని బీఎం-86 అనే ప్రొటీన్ ఆధారంగా తయారైన టీకాలు 1990లలోనే ఆస్ట్రేలియా, క్యూబాల్లో వాడుకలోకి వచ్చాయి. టీకా పొందిన పశువు నెత్తురులోని ప్రతిరక్షకాలు తాగిన పిడుదు జీర్ణనాళాన్నే దెబ్బతీస్తాయి. యేల్ శాస్త్రవేత్తలు 2021లో ప్రకటించిన మరొక టీకా 19 లాలాజల ప్రొటీన్లకు సంబంధించిన ఎంఆర్‌ఎన్‌ఏ ఆధారంగా పనిచేసింది. దాన్ని పొందిన గినీపందుల చర్మం పిడుదు కరిచిన చోట త్వరగా ఎర్రబడింది, పిడుదులు కడుపు నిండకముందే ఊడిపోయాయి, లైమ్ బ్యాక్టీరియా అంటలేదు. లోపల ఏ జంట పొత్తు పెట్టుకున్నా, ఏ జంట పోటీ పడుతున్నా, వాటన్నిటికీ అవసరమైన భోజనాన్నీ లాలాజలపు రక్షణనూ మధ్యలోనే తెంచివేయడం ఈ పద్ధతిలోని బలం. గడ్డినీ పశువుల కొట్టాన్నీ పిడుదులు లేకుండా ఉంచుకోవడం, పశువు చెవినీ కుక్క మెడనూ మనిషి ఒంటినీ రోజూ వెతికి చూసుకోవడం కూడా ఇదే తర్కం మీద నిలిచిన పనులు. ఒక్కొక్క జబ్బుకు ఒక్కొక్క మందు వెతికే శాస్త్రం తన పని తాను చేసుకుపోతూనే, ఆ జబ్బులన్నీ కలిసి నివసించే దేహాన్ని ఒక పూర్తి సమాజంగా అర్థం చేసుకున్నప్పుడే పిడుదుల మీద పోరాటం నిలకడైన ఫలితాన్నిస్తుంది.